హైదరాబాద్ ఎల్‌ఎల్‌పీకి అంబాజీపేటలో షెడ్డు: ఏ కాగితం ఎవరి దగ్గర

కార్తీకమాసంలో ఒక రాత్రి మా తమ్ముడు కూకట్‌పల్లి నుంచి ఫోన్ చేశాడు. వాడూ మా మరదలూ కలిసి పెట్టుకున్న ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ) అక్కడ మిద్దెతోటల వాళ్లకి కొబ్బరి పొట్టు ఇటుకలు, పీచు చాపలు అమ్ముతుంది. సరుకంతా మన కోనసీమదే. ఎన్నాళ్లని ఇంకొకరి దగ్గర కొంటాం, అంబాజీపేట దగ్గర మనమే ఒక షెడ్డు పెడదాం అని వాడి ఆలోచన. అంతవరకూ బాగానే ఉందండీ. ఆ తర్వాత గొంతు తగ్గించి, "అక్కా, మన సంస్థ తెలంగాణది కదా, ఆంధ్రాలో మళ్లీ రిజిస్టర్ చేయించకపోతే కేసు పెడతారంట, నిజమేనా?" అన్నాడు.

ఎవరు చెప్పార్రా అంటే, టెక్సాస్‌లో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయి చెప్పాడట.

అన్నయ్య చెప్పింది అబద్ధం కాదు, కాకపోతే అది వాళ్ల ఊరి సంగతి. అమెరికాలో లిమిటెడ్ పార్ట్‌నర్‌షిప్ అనేది ఏదో ఒక రాష్ట్రంలో పుడుతుంది. అందులో జనరల్ పార్ట్‌నర్ అప్పులన్నిటికీ పూర్తిగా పూచీపడతాడు, లిమిటెడ్ పార్ట్‌నర్ పెట్టిన డబ్బు వరకే. ఆ సంస్థ పక్క రాష్ట్రంలో వ్యాపారం చేయాలంటే అక్కడ దాన్ని 'ఫారిన్' అంటారు. టెక్సాస్ అయితే సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర 306 నంబరు ఫారం పెట్టి 750 డాలర్లు కట్టాలి. నోటీసులు తీసుకోవడానికి ఆ రాష్ట్రంలోనే ఒక రిజిస్టర్డ్ ఏజెంటును చూపించాలి. చేయకపోతే అక్కడి కోర్టులో దావా వేసే వీలుండదు, ఆలస్యానికి అదనపు రుసుమూ పడుతుంది. అన్నయ్యకి ఇవన్నీ అనుభవమే. అందుకే మనకీ అలాగే ఉంటుందనుకున్నాడు.

మన దగ్గర లెక్క వేరు. నేను అమలాపురంలో ఒక టాక్సు కన్సల్టెంటు గారి దగ్గర 14 ఏళ్లు లెక్కలు రాశాను. పెళ్లికి ముందు మూడేళ్లు, పిల్లలు బడికెళ్లాక మిగతావి. కాబట్టి ఈ కాగితాల పని నా నెత్తినే పడింది. ఆ పని ఎలా సాగిందో, ఎక్కడ తడబడ్డామో రాస్తున్నాను. మీలో ఎవరైనా హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో సంస్థ పెట్టి గోదావరి గట్టున పని మొదలుపెడితే ఉపయోగపడుతుంది.

ముందు ఆ భయం పోగొడతాను. ఎల్‌ఎల్‌పీ 2008 నాటి కేంద్ర చట్టం కింద పుట్టిన సంస్థ. ఒకచోట రిజిస్టరైతే దేశమంతా చెల్లుతుంది. ఇంకో రాష్ట్రంలో షెడ్డు తెరిచినందుకు కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర మళ్లీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన చట్టంలోనూ 'ఫారిన్ ఎల్‌ఎల్‌పీ' అనే మాట ఉంది, దానికి 27వ నంబరు ఫారమూ ఉంది. కానీ అది పరాయి దేశపు సంస్థలకి. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైనంత మాత్రాన తెలంగాణ మనకి పరదేశం అయిపోలేదు కదండీ.

కొందరు సలహాదారులు రిజిస్టర్డ్ ఆఫీసునే ఆంధ్రాకి మార్చేయండి అంటారు. తొందరపడకండి. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మార్చాలంటే 15వ నంబరు ఫారం వేయాలి. ఆస్తి తాకట్టు మీద అప్పిచ్చిన వాళ్లుంటే వాళ్ల సమ్మతి కావాలి. ఫారం వేయడానికి కనీసం 21 రోజుల ముందు ఇంగ్లీషు పేపరులో ఒకటి, స్థానిక భాష పేపరులో ఒకటి ప్రకటన ఇవ్వాలి. అమ్మకాలు, బ్యాంకు, మనుషులు అంతా హైదరాబాద్‌లో ఉంటే ఈ తంతు దేనికి? షెడ్డుకి వచ్చే ఉత్తరాలు అధికారికంగా ఇక్కడే అందాలనుకుంటే 12వ నంబరు ఫారంతో ఇంకో చిరునామా తెలియజేయొచ్చు. అదీ మీ ఇష్టం. మేం వేయలేదు.

ఇక్కడో పక్కమాట. మీది ఎల్‌ఎల్‌పీ కాక 1932 చట్టం కింద మామూలు భాగస్వామ్య సంస్థ అయితే, అది రాష్ట్ర రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర ఉంటుంది. కొత్త చోట వ్యాపారం మొదలుపెడితే 62వ సెక్షన్ కింద ఆయనకి తెలియజేసుకోవచ్చు. అసలు రిజిస్ట్రేషనే లేని ఫర్ములు మన డెల్టాలో కోకొల్లలు. వాళ్లకి 69వ సెక్షన్ అడ్డొస్తుంది, ఒప్పందం ప్రకారం రావలసిన బాకీ కోసం బయటివాళ్ల మీద దావా వేయలేరు. కాయల బాకీ ఎగ్గొట్టినవాడి మీద లాయరు దగ్గరికి వెళ్లాక ఈ సంగతి తెలిసి తలపట్టుకున్నవాళ్లని నేను చూశాను.

కాబట్టి తమ్ముడికి నేను చెప్పింది ఇదీ: కాగితాలు రెండు రకాలురా. కొన్ని సంస్థ వెంట నడుస్తాయి, అవి నీ దగ్గర ఉన్నాయి. కొన్ని నేలని పట్టుకుని ఉంటాయి, అవి ఇక్కడ కొత్తగా పుట్టాలి. పాన్, ఎల్‌ఎల్‌పీ నంబరు, ఒప్పందం, మే 30కి వేసే 11వ ఫారం, అక్టోబరు 30కి వేసే 8వ ఫారం మొదటి రకం. జీఎస్టీ, దుకాణాల చట్టం, వృత్తి పన్ను, పంచాయతీ అనుమతి రెండో రకం.

రెండో రకంలో పెద్దది జీఎస్టీ. దానికి ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఇక్కడ మీకు నిజంగా 'చోటు' ఉందా? అంబాజీపేట మార్కెట్‌కి వచ్చి, ఇక్కడి వ్యాపారి దగ్గర కొని, అదే లారీలో హైదరాబాద్‌కి ఎత్తించుకుపోతే ఇక్కడ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అదే ఒక గది తీసుకుని సరుకు నిల్వ చేసినా, కొబ్బరి డొక్కలు తెచ్చి పీచు తీసినా అది వ్యాపార స్థలం అవుతుంది. చట్టంలో గొడౌన్ మాట స్పష్టంగానే ఉంది.

మా షెడ్డు పక్కన కాయల వ్యాపారం చేసే బాబాయి ఒకాయన, "40 లక్షలు దాటేదాకా జీఎస్టీ ఎందుకమ్మా, నేను తీసుకున్నానా?" అన్నారు. ఆయన మాట ఆయనకి సరిపోతుంది, కొబ్బరికాయకి పన్నే లేదు మరి. పన్ను లేని సరుకు మాత్రమే అమ్మేవాళ్లకి రిజిస్ట్రేషన్ అవసరం రాదు. పీచుతో నేసిన చాపలకి మాత్రం 5 శాతం ఉంది. పైగా ఆ 40 లక్షలు ఆంధ్రాలో సరుకు అమ్మేవారికి, తెలంగాణలో 20 లక్షలే. అది కూడా షెడ్డుకి ఇంత అని కాదు, ఒక పాన్ మీద దేశమంతా జరిగిన అమ్మకం కలిపి చూస్తారు. ఇవన్నీ పక్కన పెట్టినా, పన్ను పడే సరుకు రాష్ట్రం దాటించి సరఫరా చేస్తే మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మా షెడ్డు పుట్టిందే సరుకు రాష్ట్రం దాటించడానికి. ఇక లెక్కలు వేసి లాభమేముంది?

బాధ్యత మొదలైన 30 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి. ప్రభుత్వానికి కట్టాల్సిన ఫీజు ఏమీ లేదు. ఎవరైనా 'ఆఫీసు ఖర్చు' అంటే అది వాళ్ల ఖర్చే.

దరఖాస్తు నింపడం అరపూట పని. చిరునామా రుజువు కుదర్చడానికే మాకు మూడు వారాలు పట్టింది. షెడ్డు మా చిన్నమావయ్యగారిది. ఒకప్పుడు వలుపు జరిగిన చోటు, రేకులు బాగానే ఉన్నాయి, నీళ్లున్నాయి, లారీ తిరగడానికి జాగా ఉంది. అద్దె ఒప్పందం రాయించుకు రమ్మంటే మా తమ్ముడు అమలాపురంలో టైపు చేయించి మురిసిపోతూ తెచ్చాడు. చూస్తే అద్దెకు తీసుకున్నవారి దగ్గర వాడి సొంత పేరు, వాడి సొంత ఆధార్! సంస్థకి షెడ్డు ఎక్కడుందిరా ఇందులో? 'ఫలానా ఎల్‌ఎల్‌పీ, దాని తరఫున డిజిగ్నేటెడ్ పార్ట్‌నర్ (చట్టం ముందు సంస్థ తరఫున బాధ్యత వహించే భాగస్వామి) ఫలానా' అని ఉండాలి. మళ్లీ స్టాంపు కాగితం, మళ్లీ సంతకాలు. చిన్నమావయ్యగారు మాత్రం ప్రతిసారీ కళ్లజోడు తుడుచుకుని మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివితేగానీ సంతకం పెట్టరు. ఆయనని తప్పుపట్టలేను, అందరూ అలాగే చదవాలి.

ఒప్పందంతోపాటు యజమాని హక్కు చూపే కాగితం ఒకటి కావాలి: కరెంటు బిల్లు గానీ, ఇంటిపన్ను రసీదు గానీ, అలాంటిది ఏదో ఒకటి. ఒప్పందం రిజిస్టర్ చేయించనిదైతే యజమాని గుర్తింపు కాగితం కూడా జతచేయాలి. మేం ముందు కరెంటు బిల్లు తీశాం. సర్వీసు ఎవరి పేరున ఉందనుకున్నారు? కాలం చేసిన తాతయ్యగారి పేరున. మన ఊళ్లలో పది షెడ్లు వెతికితే సగానికి ఇదే కథ. బిల్లు కట్టేది ఒకరు, పేరు స్వర్గస్థులది. పేరు మార్పిస్తే మంచిదే గానీ దానికి వారసత్వపు కాగితాలు, సంతకాలు, తిరుగుళ్లు ఉంటాయి. అదృష్టం, పంచాయతీ ఇంటిపన్ను చిన్నమావయ్యగారి పేరునే నడుస్తోంది. బిల్లు పక్కన పెట్టి రసీదు జతచేశాం. ఏదో ఒకటి చాలన్నప్పుడు నప్పేది ఒకటే ఇవ్వండి. నప్పనిది కూడా భక్తితో జతచేస్తే ప్రశ్నలు మీరే పిలిచి కూర్చోబెట్టినట్టు.

అయినా ఒక ప్రశ్న వచ్చింది, తప్పు నాదే. నేను జతచేసిన రసీదు పాతది. దాని మీద తూర్పుగోదావరి జిల్లా అని ఉంది. దరఖాస్తులో నేను ఎంచుకున్నది కోనసీమ. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు మనం అమలాపురం కేంద్రంగా వేరే జిల్లా అయ్యాం గానీ, బీరువాలో కాగితాలు అవలేదు కదా. ఏలూరు, కాకినాడ వైపు వాళ్లకీ ఇదే చూసుకోమని చెప్తున్నాను. జిల్లా మారాక ఇచ్చిన రసీదే వాడండి. ప్రశ్న వస్తే అది ఆర్‌ఈజీ 03 నోటీసుగా వస్తుంది, 7 పనిదినాల్లో ఆర్‌ఈజీ 04లో జవాబు ఇవ్వాలి. నేను కొత్త రసీదు తీసుకుని, ఊరు అదే, డోరు నంబరు అదే, జిల్లా పేరు మాత్రం మారిందని నాలుగు వరుసలు రాసి పెట్టాను. సరిపోయింది. ఆ నోటీసు మెయిల్‌కి వస్తుంది కాబట్టి, రోజూ చూసే మెయిలే ఇవ్వండి. ఎవరో కుర్రాడిది ఇస్తే వాడు సినిమాకి పోయినప్పుడు గడువు అయిపోతుంది.

ఇక జీఎస్టీ పోర్టల్ సంగతి. కొత్త రిజిస్ట్రేషన్ అని తెరిచి, రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అని, జిల్లా ఎంచుకుని, ఎల్‌ఎల్‌పీ పాన్ కొట్టగానే తెలంగాణలో ఉన్న పాత నంబరు చూపిస్తుంది. కంగారుపడకండి, ముందుకు పొమ్మనండి. ఒక తాత్కాలిక నంబరు వస్తుంది. దానికి 15 రోజులే ఆయుష్షు, ఆలోగా మిగతా భాగం నింపి పంపాలి. అందుకే కాగితాలన్నీ కుదిరాకే మొదలుపెట్టమంటాను. సంస్థ రకం దగ్గర లిమిటెడ్ లయబిలిటీ పార్ట్‌నర్‌షిప్ అని, రిజిస్ట్రేషన్ ఎందుకంటే అంతర్రాష్ట్ర సరఫరా అని ఎంచుకోవాలి. భాగస్వాముల వివరాలు, ఫొటోలు పెట్టాలి. ఫొటో 100 కేబీ లోపు జేపెగ్ కావాలి. మా మరదలు స్టూడియోలో తీయించుకున్నది నాలుగు సార్లు కుదించాల్సి వచ్చింది.

సంతకం చేసే అధికారి ఎవరో చెప్పాలి. భాగస్వామే కానక్కర్లేదు, నేను భాగస్వామిని కాదు. డిజిగ్నేటెడ్ పార్ట్‌నర్లిద్దరూ నాకు అధికారం ఇస్తున్నట్టు ఉత్తరం రాసిచ్చారు. ఎల్‌ఎల్‌పీ కాబట్టి డిజిటల్ సంతకం తప్పదు, ఓటీపీతో సరిపెట్టలేం. నా పేరున ఒకటి తీసుకున్నాను. పెన్‌డ్రైవ్ లాంటిదే, అన్నవరం సత్యనారాయణస్వామి పటం వెనకాల పెట్టుకుంటాను. తర్వాత ఆధార్ నిర్ధారణకి మెయిల్‌లో లింకు వస్తుంది. కొందరికి ఓటీపీతో అయిపోతుంది. కొందరిని సేవాకేంద్రానికి వేలిముద్రలకి, అసలు కాగితాలతో రమ్మంటారు. నన్ను రమ్మన్నారు, వెళ్లాను. కొబ్బరి పీచు పట్టిన చేతులకి వేలిముద్ర సరిగా పడదని అక్కడే తెలిసింది. ముందురోజు కాస్త నూనె రాసుకుని వెళ్లడం మంచిది.

అధికారి షెడ్డు చూడటానికి రావచ్చు. వచ్చినాయన మర్యాదస్తుడే, ఫొటోలు తీసుకున్నారు, సరుకు ఎక్కడ పెడతారని అడిగారు. డోరు నంబరు గోడ మీద కనబడేలా రాయించండి. అక్కడున్న మనిషికి సంస్థ పేరు తెలిసుండాలి. మా కాపలా తాతని అడిగితే "ఆయ్, ఇది మా చిన్నబాబుగారి షెడ్డండి" అని మాత్రమే చెప్పేవాడు. ఆయనకి ఎల్‌ఎల్‌పీ పేరు వారం రోజులు వల్లెవేయించాం.

అన్నీ కుదిరాక ఆర్‌ఈజీ 06 సర్టిఫికెట్ వస్తుంది. నంబరు మొదటి రెండంకెలూ చూడండి: తెలంగాణది 36, మనది 37. తర్వాతి పదీ ఒకటే పాన్. అంటే ఒకే తల్లి బిడ్డలు, కాపురాలు వేరు. ఇది మా తమ్ముడికి ఎక్కించడానికి నాకు ఎక్కువ సమయం పట్టింది. "మన షెడ్డు నుంచి మన కొట్టుకే కదక్కా, బిల్లెందుకు?" అంటాడు. చట్టం దృష్టిలో 37 వేరు మనిషి, 36 వేరు మనిషి. డబ్బు చేతులు మారకపోయినా అది సరఫరానే. ఉత్త చలానా మీద పంపకూడదు, పన్ను బిల్లు కొట్టి ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే సరుకు మీద పడే జీఎస్టీ) వేయాలి. లోడు విలువ 50,000 దాటితే ఈ వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే కాగితం) ఉండాలి. ఆ పన్నుని హైదరాబాద్ నంబరు క్రెడిట్‌గా తీసుకుంటుంది, అంటే అక్కడ కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకుంటుంది.

ఇక్కడ డబ్బు ఇరుక్కునే చోటు ఒకటుంది, జాగ్రత్తగా వినండి. మేం రైతుల దగ్గర డొక్కలు కొంటాం. దాని మీద పన్ను లేదు కాబట్టి క్రెడిట్ రాదు. కానీ చాపలు పంపేటప్పుడు ఐజీఎస్టీ కట్టాలి, అంటే జేబులోంచి నగదు. హైదరాబాద్‌లో అమ్ముడయ్యేదాకా అది తిరిగి చేతికి రాదు. అందుకే బదిలీ బిల్లులో అక్కడి అమ్మకం ధర వేయకుండా ఇక్కడి ఖర్చుకి దగ్గరగా వేస్తాం. తీసుకునే యూనిట్‌కి పూర్తి క్రెడిట్ వచ్చే పక్షంలో బిల్లులో వేసిన విలువనే ఒప్పుకోవాలని 28వ రూలు చెబుతుంది.

ఇంకోటి, యంత్రం. పీచు తీసే మెషీన్‌కి మా వాడు అప్పటికే 36 నంబరు మీద ఆర్డరు పెట్టేశాడు. ఆపించాను. యంత్రం ఉండేది ఇక్కడ, పన్ను కట్టేది ఇక్కడ, క్రెడిట్ మాత్రం అక్కడ పడితే ఏం లాభం? 37 నంబరు వచ్చాక దాని పేరునే బిల్లు చేయించాం. నెల రోజులు ఆలస్యమైంది, వాడు అలిగాడు. మొదటి రిటర్ను (పోర్టల్‌లో వేసే పన్ను లెక్క) రోజున అలక తీరింది.

బిల్లు పుస్తకం అచ్చు వేయించేటప్పుడు చాలామంది మరిచేది ఒకటి చెబుతాను. ఎల్‌ఎల్‌పీ చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రతి బిల్లు మీదా, ఉత్తరం మీదా సంస్థ పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు, పరిమిత బాధ్యతతో రిజిస్టరైందన్న మాట ఉండాలి. కాబట్టి అంబాజీపేట బిల్లు మీద ఇక్కడి చిరునామా, 37 నంబరుతోపాటు కూకట్‌పల్లి చిరునామా కూడా రావాలి. లేకపోతే జరిమానా పడుతుంది. బిల్లు నంబర్ల వరస హైదరాబాద్‌ది వేరు, ఇక్కడిది వేరు పెట్టుకోండి.

బ్యాంకు ఖాతా వివరాలు సర్టిఫికెట్ వచ్చిన 30 రోజుల్లోగా, అంతకంటే ముందే మొదటి జీఎస్టీఆర్ 1 (అమ్మకాల రిటర్ను) వేస్తే దానికి ముందుగా, పోర్టల్‌లో చేర్చాలి. పాన్ ఒకటే కాబట్టి సంస్థకి ఉన్న ఖాతానే చూపించొచ్చు. అమ్మకం లేని నెలలో కూడా రిటర్ను వేయాలి. వానాకాలంలో పీచు ఆరక నెలంతా ఖాళీగా కూర్చున్నాం, అయినా సున్నా రిటర్ను వేశాను. లేకపోతే రోజుకి 20 రూపాయల చొప్పున పెరుగుతుంది.

మిగతావి తేలికే. దుకాణాలు, సంస్థల చట్టం 1988 నాటిది, పని మొదలైన 30 రోజుల్లో కార్మికశాఖ దగ్గర నమోదు. వృత్తి పన్ను: ఇక్కడి జీతాలు 15,000 దాటితే నెలకి 150, 20,000 దాటితే 200 పట్టుకుని ఆంధ్రా ఖాతాకే కట్టాలి, హైదరాబాద్ నమోదు ఇక్కడ పనికిరాదు. పంచాయతీ అనుమతికి కార్యదర్శి గారిని ఉదయం పదిన్నరకి పట్టుకోండి, తర్వాత ఆయన దొరకరు. ఉద్యం (చిన్న పరిశ్రమల కేంద్ర నమోదు) మాత్రం కొత్తది తీసుకోవద్దు. సంస్థకి ఒకటే ఉండాలి, ఉన్నదాంట్లోనే కొత్త యూనిట్ చేర్చుకోవచ్చు, డబ్బు అడగరు.

చివరిగా బోర్డు. జీఎస్టీ నంబరు బోర్డు మీద రాయాలి, సర్టిఫికెట్ లోపల కనబడేలా కట్టాలి. అంబాజీపేట పెయింటరు బ్రహ్మాండంగా రాశాడు, కొబ్బరి చెట్టు బొమ్మ కూడా వేశాడు. సాయంత్రం నేను పోర్టల్‌లో వెతికే చోట బోర్డు చూసి నంబరు కొడితే అలాంటిది లేదంది. మూడుసార్లు కొట్టాక దొరికింది: పాన్‌లో ఉన్న సున్నా దగ్గర ఇంగ్లీషు 'ఓ' అక్షరం గుండ్రంగా, అందంగా వేశాడు. "రెండూ ఒకటే కదండమ్మా" అన్నాడు. మర్నాడు వచ్చి దాన్ని సన్నగా దిద్ది, కూలీ వద్దని, చెట్టు కింద కాయ ఒకటి కొట్టించుకుని తాగి వెళ్లాడు.